చనిపోయిన పిల్లకు తొంభై ఆరు

ఆ విశ్వవిద్యాలయం నా భార్యకు సీటివ్వలేదు. ఇవ్వాల్సింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. రాతపరీక్షలో ఆమెది నాలుగో స్థానం. ఇంటర్వ్యూలో కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులు ఏం చదివావని అడగలేదు, మీ నాన్న ఏం చేస్తాడని అడిగారు. బస్తాలు మోస్తాడని చెప్పింది. యాభైకి మూడు మార్కులు వేశారు. ఆ ముగ్గురిలో ఇద్దరు పోయారు. ఒకడు మంచం మీద ఉన్నాడు. ఆమె పోయి నాలుగేళ్ళయింది. నేను ఎవరినీ క్షమించలేదు.

ఈ సంగతి ఊరంతా ఎరుగును. ప్రవేశాల కమిటీ అధ్యక్షుడు కూడా ఎరుగును. అందుకే పొద్దున తొమ్మిదింటికి నన్ను పిలిపించాడు. ముప్పై ఏళ్ళు పోలీసు శాఖలో దర్యాప్తులు చేసి దిగిపోయినవాణ్ణి. పిలిస్తే వెళతాను.

"మమ్మల్ని తిట్టకుండా మీకు పూట గడవదని విన్నాను," అన్నాడు. "మీరు మచ్చ లేదని చెబితే అందరూ నమ్ముతారు."

"మా అమ్మాయి మీ జాబితాలో ఉంది. పరీక్షకు నేనే తీసుకొచ్చాను. కౌంటరు దగ్గర నిలబడి అన్నీ చూశాను."

"తెలుసు. ఆ మాట రాసి సంతకం పెట్టండి. సాయంత్రం ఐదింటికి కమిటీ కూర్చుంటుంది. ఆలోపు తేల్చండి."

రాసి సంతకం పెట్టాను.

విషయం ఇది. ఈ ఏడు ఇంటర్వ్యూలు తీసేశారు. వయసుతో పని లేదు, పరీక్ష జరిగే వారం రోజుల్లో ఎవరైనా హాల్లో కూర్చుని రాయొచ్చు. ఇచ్చే పుస్తకంలో మొదటి కాగితం మీద పేరు, ఊరు, తల్లిదండ్రుల వివరాలు రాయాలి. తర్వాతి ఎనిమిది పేజీల్లో జవాబులు. రాయడం అయ్యాక బయట కౌంటరులో ఇస్తే, పేరు కాగితం చింపి, దాని మీదా జవాబు పుస్తకం మీదా ఒకే అంకె కొడతారు. పేర్లు ఒక పెట్టెలోకి, జవాబులు ఇంకో పెట్టెలోకి పోతాయి. ఎవరు రాశారో తెలియకుండా ఇద్దరు విడివిడిగా దిద్దుతారు. మార్కులు పడ్డాక అందరి ముందూ పెట్టె తెరిచి, అంకెను బట్టి పేరు జత చేస్తారు. మనిషిని, గుర్తింపు కాగితాలను చూసేది చేరే రోజునే.

రాసినవాళ్ళు పదమూడు వందల నలభై మంది. సీట్లు మూడు వందలు. జాబితా మొన్న గోడకెక్కింది. అందులో మొదటి పేరు ఒక ఆడపిల్లది, తొంభై ఆరు మార్కులు. నిన్న ఆ పిల్ల చదివిన బడి నుంచి పెద్ద టీచరు ఫోన్ చేసింది. ఆ పిల్ల చనిపోయి ఆరేళ్ళయిందని చెప్పింది. శవం వెనక తానూ నడిచానని కూడా చెప్పింది.

పేరు కాగితాల పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి అధ్యక్షుడి దగ్గర ఉంటుంది. రెండోది ప్రవేశాల విభాగం సూపరింటెండెంటు దగ్గర. ఆమెను ఆఫీసులో కళ్ళజోడక్క అంటారు. పేర్లు లేకుండా దిద్దాలని పదకొండేళ్ళు అర్జీలు పెట్టి, నవ్వులపాలై, చివరికి సాధించిన మనిషి. కౌంటరులో కూర్చుని అంకెలు కొట్టింది కూడా ఆమే. ఇప్పుడు అందరి వేళ్ళూ ఆమె వైపే చూపిస్తున్నాయి.

పదింబావుకు ఆ పిల్ల తండ్రి దగ్గరికి వెళ్ళాను. గడియారాలు బాగుచేస్తాడు. దుకాణం ముందు, ఇల్లు వెనక. కంటికి భూతద్దం తగిలించుకుని పని చేస్తున్నాడు. నన్ను చూసి అద్దం తీయలేదు. ఒక కన్ను మామూలుగా, ఒక కన్ను గుడ్డంత పెద్దదిగా నా వైపు చూసింది.

"విశ్వవిద్యాలయం నుంచా బాబూ? సోమవారం పదింటికి కదా చేరాల్సింది. ముందే వచ్చారే."

బల్ల మీద సీటు వచ్చిందన్న ఉత్తరం ఉంది. ఎగిరిపోకుండా దాని మీద ఆడపిల్లల చేతి గడియారం పెట్టాడు. ఆ గడియారం నడుస్తోంది.

"ఎవరు చేరతారు?" అన్నాను.

గడియారాన్ని ఉత్తరం మధ్యకు జరిపాడు.

"దరఖాస్తు ఎవరు నింపారు?"

"నేనే. ప్రతి ఏడూ నింపుతాను."

"మీ అమ్మాయి లేదు కదా."

"లేదు. జ్వరమొచ్చిన అయిదో రోజు పోయింది. అప్పుడే ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, అప్పట్లో దరఖాస్తు పెడితే చాలు, పిలిచేవాళ్ళు. వెళ్ళలేదని ఇంకో ఉత్తరం వచ్చింది. మరుసటేడు మళ్ళీ నింపాను. మళ్ళీ రమ్మని ఒకటి, రాలేదని ఒకటి. ఏడాదికి రెండు ఉత్తరాలు దాని పేరు మీద వచ్చేవి. ఇంకెవరు రాస్తారు బాబూ దానికి?"

"ఈసారి ఇంటర్వ్యూ లేదు."

"లేదన్నారు. హాల్లో కూర్చుని రాయాలన్నారు. వెళ్ళి కూర్చున్నాను. ఎవరూ పేరడగలేదు. మర్యాదగా ఉంది."

"ఏం రాశారు?"

"మొదటి కాగితం రాశాను. అంతే."

"లోపల?"

"లోపల అది కదా రాయాల్సింది," అన్నాడు. నేనే తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూశాడు.

నా దర్యాప్తుల్లో అబద్ధాలు చాలా విన్నాను. ఇది అబద్ధం కాదు. గోడ మీద నలభై గడియారాలు నలభై రకాలుగా కొట్టుకుంటున్నాయి. ఆయన గొంతు తగ్గించాడు.

"ఇంట్లో ఎప్పుడూ దానికి డెబ్బై దాటేది కాదు. తొంభై ఆరు వచ్చిందంటే, అక్కడ బాగా చదువుకుంటోందేమో."

కుర్చీలో కొంచెం జరిగి కూర్చున్నాను.

"పుస్తకం కౌంటరులో ఎప్పుడిచ్చారు?"

"మూడో రోజు. పదకొండూ ఇరవై రెండు."

"ఇరవై రెండా?"

"గడియారాల వాణ్ణి. ఇరవై అని చెప్పలేను."

"ముందు ఎవరున్నారు?"

"నర్సమ్మ. తెల్లబట్టల మీదే వచ్చేసింది. నా వెనక పొడుగాటి మనిషి. ఏదో మందు వాసన. ఆస్పత్రి వాసన కాదు, దాన్ని మించిన ఘాటు. నాకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. ఏడుస్తున్నాననుకున్నాడో ఏమో, భుజం మీద చెయ్యేశాడు. చెయ్యి మంచుగడ్డలా ఉంది." ఆగి అన్నాడు. "మంచివాడు."

లేచాను. గుమ్మం దాకా వచ్చి అడిగాడు, "బాబూ, ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటారా?"

"నా పని అది కాదు," అన్నాను.

పన్నెండింటికి ఆఫీసు వరండాలో గొడవ. ఒక నర్సు గుమస్తా బల్ల మీద చెయ్యి చరుస్తోంది.

"ఎనిమిది పేజీలూ నింపాను. ఇంకో కాగితమిస్తే అదీ నింపేదాన్ని. సున్నా అంటారేంటి?"

"నీ పుస్తకం ఖాళీగా ఉంది తల్లీ. ఇద్దరు దిద్దారు, ఇద్దరూ ఖాళీ అనే రాశారు. నేనేం చెయ్యను?"

"అంటే నేను రెండు గంటలు హాల్లో నిద్రపోయానా?"

ఆమెను పక్కకు పిలిచాను. ఏ రోజు, ఎన్నింటికి ఇచ్చిందో అడిగాను.

"మూడో రోజు. పదకొండున్నర లోపే. పన్నెండింటికి డ్యూటీ. లైనులో నా వెనక ఒక ముసలాయన ఉన్నాడు. హాల్లో నా పక్కనే కూర్చున్నాడు సార్. పెన్ను మూత తియ్యలేదు. ఖాళీ కాగితం వంక చూస్తూ రెండు గంటలు కూర్చున్నాడు. మధ్యలో అవతలి పక్కకి తిరిగి, మెల్లిగా రాయమ్మా, తొందరేం లేదు అన్నాడు. నాతో కాదు. ఆ పక్కన ఎవరూ లేరు. నేను బెంచీ మారిపోయాను."

అప్పుడే వెనక నుంచి, "గురువుగారూ," అని వినిపించింది.

విజిలెన్స్ అధికారి. ఒకప్పుడు నా కింద పనిచేశాడు. ఎంత ఎండలోనైనా చొక్కా మడత నలగదు. డిపార్టుమెంటులో ఇస్త్రీ అనేవాళ్ళం. మంచి కాలేజీలో చదివాడు. ఆ సంగతి మరిచిపోనివ్వడు.

"పలకా బలపం పట్టుకుని చదువుకున్నవాళ్ళకి ఈ కాగితాల కేసులెందుకు గురువుగారూ. కళ్ళు నొప్పి."

"నీకు రిపోర్టు రాయడం నేర్పింది ఆ పలక చదువే. ఇప్పటికీ తప్పుల్లేకుండా రాయడం రాలేదని విన్నాను."

నవ్వాడు. నన్ను కిటికీ దగ్గరికి నడిపించాడు.

"కేసు అయిపోయింది. తాళంచెవి ఆవిడది. అంకెలు కొట్టింది ఆవిడ. జత చేసిన రిజిస్టరు మీద సంతకం ఆవిడది. ముసలాయన బతిమాలి ఉంటాడు, మంచి జవాబు పుస్తకం ఒకటి ఆ పేరుకి తగిలించింది. కంచే చేను మేసింది. ఐదింటికి కమిటీ ముందే తీసుకుపోతాను. రెండేళ్ళకు తక్కువ పడదు."

"జాబితా?"

"ఒక్క పేరు కొట్టేస్తే చాలు. మిగతాది కదలదు. మీ అమ్మాయి సీటు పదిలం. వచ్చే ఏటి నుంచి మళ్ళీ ఇంటర్వ్యూలు. అందరికీ మంచిది."

"అందరికీనా?"

"ముందు మీకు," అన్నాడు. "ఎన్నాళ్ళకు వచ్చిందో ఆ ఇంటికి ఒక సీటు. చెడగొట్టుకోకండి."

ఆ మాట వాడి నోట్లోంచి రాకూడదు. వచ్చింది. గుర్తుపెట్టుకున్నాను.

ఒంటిగంటన్నరకు కళ్ళజోడక్కతో నేలమాళిగలోకి దిగాను. జవాబు పుస్తకాలుండే గది అక్కడే. కిటికీ లేదు. ఒకే ట్యూబులైటు. అరల్లో పదమూడు వందల నలభై పుస్తకాలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కదాని మీదా పేరు లేదు. అంత మంది ఉన్న గదిలో అంత నిశ్శబ్దం నాకు నచ్చలేదు.

"నాలుగు వందల పద్దెనిమిది," అన్నాను. చనిపోయిన పిల్ల పేరు జత పడిన అంకె అది.

ఆమె తీసి నా చేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది.

"ఒకసారి చదివాను అన్నగారూ. మళ్ళీ చదవను. దిద్దినవాళ్ళలో ఒకాయన తొంభై ఆరు వేసి, ఆ రోజు లైటు వేసుకుని పడుకున్నానని చెప్పాడు. రెండో ఆయనా తొంభై ఆరే వేశాడు. ఇద్దరూ ఒకరికొకరు తెలీదు."

ప్రశ్న ఒక్కటే, సమానత్వం మీరు ఎక్కడ చూశారు అని. చదివాను.

"నేనుండే చోట చలి. కిటికీలు లేవు. నా చుట్టూ ఉన్నవాళ్ళు మాట్లాడరు. ఇక్కడికి వచ్చాక ఎవరినీ పేరు పెట్టి పిలవరు. కాలి బొటనవేలికి కట్టిన చీటీ మీద అంకె ఉంటుంది. బయట ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కూడా ఇక్కడ వచ్చిన వరసలోనే పడుకుంటారు. నాకు మొదట్లో భయమేసేది. ఇప్పుడు బయటే భయం."

ట్యూబులైటు ఒకసారి రెప్ప వేసింది. కళ్ళజోడక్క గోడకు ఆనుకుంది. నేను మొదటి పేజీ మళ్ళీ చదివాను. చచ్చినవాళ్ళు రాయరు. రాసినవాడికి చలి తెలుసు, కాలి చీటీలు తెలుసు. జీతానికి అక్కడ నిలబడేవాడికి తెలుస్తాయి. ఘాటు వాసన, మంచుగడ్డలాంటి చెయ్యి.

"ఇది రాసింది పిల్ల కాదమ్మా. శవాల గదిలో పనిచేసేవాడు. లైనులో ముసలాయన వెనక నిలబడ్డాడు."

ఆమె ఊపిరి వదిలింది. "మరి ముసలాయన పుస్తకం?"

"నర్సుకు సున్నా వచ్చిన పుస్తకం ఎన్నో అంకె?"

రిజిస్టరు చూసింది. "నాలుగు వందల పదిహేడు."

తీశాం. ఎనిమిది పేజీలూ తెల్లగా ఉన్నాయి. చివరి పేజీలో చెయ్యి ఆనించిన చోట చిన్న నూనె మరక, గడియారాలకు వేసే నూనె. నాలుగు వందల పదహారు తీశాం. మొదటి వాక్యంలోనే ఆస్పత్రి వార్డు, రాత్రి డ్యూటీ, పదకొండు పడకలకు ఒక నర్సు.

మూడు పుస్తకాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను.

"నర్సు రాసింది పదహారు. ఆమె పేరు పదిహేడుకి అతికింది. ముసలాయన ఇచ్చిన ఖాళీ పుస్తకం పదిహేడు. ఆయన కూతురి పేరు పద్దెనిమిదికి అతికింది. ఎవరూ ఏ పుస్తకమూ మార్చలేదు. ప్రతి పేరూ ఒక అంకె ముందుకు జరిగింది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "అలా జరగదు. మిషను అలా కొట్టదు."

"ఎలా కొడుతుందో చెప్పు."

"అంకె రెండుసార్లు పడుతుంది. మూడోసారికి తనంతట తనే తర్వాతి అంకెకు తిరుగుతుంది. ముందు పుస్తకం మీద ఒకటి, తర్వాత పేరు కాగితం మీద ఒకటి. కౌంటరులో చెక్కపెట్టె ఉంది కదా, రెండు చేతులూ అందులో పెట్టి లోపలే కొట్టాలి. పేరూ అంకే ఒకే కంటికి కనబడకూడదని రూలు. నేనే రాశాను ఆ రూలు."

"అంటే రెండు చోట్లా ఒకే అంకె పడిందో లేదో నువ్వు చూడలేదు."

"చూడకూడదు అన్నగారూ. చూడలేదు."

పదకొండేళ్ళు పోరాడి తెచ్చుకున్న రూలు ఆమె కళ్ళకు గంతలు కట్టింది.

"ఎక్కడో ఒక దెబ్బ ఎక్కువ పడింది," అన్నాను. "అక్కడి నుంచి చివరిదాకా అన్నీ తప్పు. ఆ చోట ఒక పుస్తకానికి పేరు దొరక్కూడదు. ఆఖర్న ఒక పేరుకు పుస్తకం దొరక్కూడదు."

ఆమె రిజిస్టరు తిప్పలేదు. ఆ పేజీ నోటికొచ్చు.

"రెండు వందల పన్నెండుకు పేరు కాగితం లేదు. పదమూడు వందల నలభై ఒకటికి పుస్తకం లేదు. ఎవరిదో చేతి పొరపాటనుకున్నాం. కమిటీ కూడా సరేనని సంతకం పెట్టింది."

అరలో రెండు వందల పన్నెండు నేనే వెతికి తీసుకున్నాను. తెరిచాను.

నా కూతురి అక్షరాలు.

ఏడేళ్ళు దాని హోంవర్కు మీద సంతకం పెట్టినవాణ్ణి. పొరపడను. వరసలు పేజీ చివరికి వచ్చేసరికి కొంచెం పైకి ఎక్కుతాయి. దిద్దినవాళ్ళిద్దరూ వెనక అట్ట మీద మార్కులు వేశారు. నలభై నాలుగు. నలభై ఒకటి. సీటు ఆగింది అరవై ఎనిమిది దగ్గర. జాబితాలో నా కూతురి పేరు పక్కన ఎనభై ఒకటి ఉంది. అవి రెండు వందల పదమూడు రాసిన ఎవరివో మార్కులు.

కాసేపు ఆ అక్షరాలు చదివాను. బాగానే రాసింది. చాలనంత బాగా రాయలేదు.

"ఎక్కువ దెబ్బ ఎవరు కొట్టారు?" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది.

కళ్ళజోడక్క కళ్ళజోడు తీసి చీర అంచుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"రెండో రోజు ఒకాయన కౌంటరు దగ్గర నిలబడిపోయారు. పెట్టెలో ఏం చేస్తారో నాకెలా తెలుస్తుంది, మీ సంగతి నాకు తెలుసు, మిషను బయటికి తీసి నా కళ్ళ ముందు ఒక తెల్లకాగితం మీద కొట్టి చూపించండి అన్నారు. పక్కన పాప వద్దు నాన్నా అని చెయ్యి లాగుతోంది. వెనక లైనులోవాళ్ళు కూడా చూపించండి చూపించండి అన్నారు. దాపరికం ఎందుకని కొట్టి చూపించాను. తర్వాత ఆ పాప పుస్తకం తీసుకున్నాను."

ఆ రోజు తెల్లకాగితం మీద ఊదారంగులో 212 అని పడింది. నేను దాన్ని వెలుతురులోకి పట్టి చూసి, సరే అన్నాను.

"ఇవాళ నన్ను గుర్తుపట్టావా?"

"చూడగానే. మిషను సంగతి మాత్రం ఇప్పుడే తట్టింది."

పైన గడియారం మూడు కొట్టింది. ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ, పేరు లేని పదమూడు వందల మందీ, నా వైపు తిరిగి నిలబడ్డట్టు అనిపించింది. అరల వైపు చూడలేదు.

మూడుంబావుకు ఇస్త్రీ తలుపు తోసుకుని వచ్చాడు.

"అయిందా గురువుగారూ? దయ్యాన్ని పట్టుకున్నారా?"

నాలుగు పుస్తకాలు చూపించి చెప్పాను. వాడు పొగరుబోతు, తెలివితక్కువవాడు కాదు. రెండో పుస్తకం దగ్గరే అర్థమైపోయింది. నవ్వు ఆగిపోయింది.

"అంటే రెండు వందల పన్నెండు తర్వాత ప్రతి పేరూ..."

"వెనక వచ్చినవాడి మార్కులు మోస్తోంది."

"మీ అమ్మాయి?"

"దాని మార్కులు నలభై నాలుగు, నలభై ఒకటి."

వాడు వెనక్కి వెళ్ళి తలుపు మూశాడు. గడియ వేశాడు. మెల్లిగా మాట్లాడాడు. ఆ మెత్తదనం నాకు తెలుసు. ముద్దాయిల దగ్గర వాడమని నేనే నేర్పాను.

"ఈ గదిలో ముగ్గురమే ఉన్నాం. ఈవిడ చెబితే తప్పించుకోడానికి అల్లిన కథ అంటారు. నేను చెప్పను. మీరు చెప్పకపోతే ఇది లేదు. మీ పిల్లకు ఎనభై ఒకటి. వాళ్ళమ్మకు ఇవ్వనిది వీళ్ళు ఇన్నాళ్ళకు ఇచ్చారనుకోండి. ఎవరు కాదంటారు?"

కళ్ళజోడక్క నా వంక చూడలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ కూర్చుంది. చూసి ఉంటే నాకు తేలికయ్యేది.

నేను వాడి మాట ఎంతసేపు ఆలోచించానో రాయను. ఆలోచించాను. అంతవరకే.

"గడియ తీయి," అన్నాను.

"గురువుగారూ."

"మూడు మార్కులు వేసిన ముగ్గురూ గడియ వేసుకునే వేశారు. తీయి."

ఐదింటికి కమిటీ ముందు పుస్తకాలు పెట్టాను. నర్సు వచ్చి తన రాత గుర్తుపట్టింది. శవాల గది మనిషిని పిలిపించారు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, లోపలికి రావచ్చా అని రెండుసార్లు అడిగాడు. తొంభై ఆరు అతనివని చెబితే, ఎవరి తర్వాత అని అడిగాడు. ఎవరి తర్వాతా కాదు, మొదట అని చెప్పాల్సి వచ్చింది. నమ్మలేదు.

అధ్యక్షుడు ముఖం తుడుచుకున్నాడు. "మిషను మీద ఎక్కువ దెబ్బ ఎవరు కొట్టారు?"

"నేనే," అంది కళ్ళజోడక్క.

ఇస్త్రీ నా వైపు చూస్తున్నాడు. వాడికి ఆ ముక్క చెప్పలేదు.

"ఆమె చేత కొట్టించింది నేను," అన్నాను. "నమ్మకం లేక కొట్టించాను. తప్పు జరగకుండా చూడటానికి వెళ్ళి తప్పు చేసింది నేను. రాసుకోండి."

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తల దించుకుని పెన్ను మూత పెట్టాడు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆరున్నరకు జాబితా మళ్ళీ జత చేశారు, ఈసారి అందరి ముందూ, అంకె వెనక్కి జరిపి. రెండు వందల ఎనిమిది పేర్లు పోయాయి. రెండు వందల ఎనిమిది వచ్చాయి. కళ్ళజోడక్కను ఎవరూ తీసుకుపోలేదు. పద్ధతి ఉంచాలా తీసెయ్యాలా అన్నది వచ్చే వారం చూస్తామన్నారు. గడియారాల ఆయన దగ్గరున్న ఉత్తరం వెనక్కి తెప్పించమని అధ్యక్షుడు నాతో అన్నాడు. తెప్పించనని చెప్పి బయటికి వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి నా కూతురు వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. ఎవరో అప్పటికే ఫోన్ చేసి చెప్పారు.

"నలభై నాలుగా నాన్నా?"

"నలభై నాలుగు. రెండో ఆయన నలభై ఒకటి."

"నువ్వు చెప్పకపోయి ఉంటే?"

"ఆమెను పట్టుకుపోయేవాళ్ళు."

కాసేపు గిన్నె తుడిచింది. పొడిగా ఉన్న గిన్నెనే తుడిచింది.

"వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఒకటి చెప్పు. ఆ రోజు మిషను బయటికి తీయించావు కదా. నాకు రాదనే కదా భయపడ్డావు? నీ అనుమానం వాళ్ళ మీదా, నా మీదా? ఎవరి మీద?"

నా దగ్గర జవాబు ఉంది. అక్కడే, ఆ వంటింటి గుమ్మంలోనే ఉంది. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, ముఖం కడుక్కోవడానికి వెళ్ళాను.

మరుసటి రోజు మళ్ళీ అడిగింది. ఆ తర్వాత కూడా అడిగింది. చెప్పలేదు. దానికి చెప్పను, ఇంకెవరికీ చెప్పను. ఈ విషయం మీద ఇదే నా ఆఖరి మాట.